గుండెకు తోడుగా తిరుగు చక్రము: దాని వేగమునకు నియమము



నేటి సాయంకాలము నేను ముచ్చటింపబోవు విషయము ఒక చిన్న పంపును గూర్చినది. అది మానవుని ఱొమ్ములో అమర్చబడి, అలసిన గుండెకు తోడుగా రేయింబవళ్లు తిరుగుచుండును. అట్టి సాధనము కలదని మీలో కొందఱు వినియే యుందురు. దానిని ఎట్లు తయారు చేయుదురో, శస్త్రవైద్యులు దానిని ఎట్లు అమర్చుదురో వివరించుట నా ముఖ్యోద్దేశము కాదు. ఆ పంపు ఎంత వేగముగా తిరుగవలెను, ఆ వేగమును ఎవరు, దేనిని చూచి నిర్ణయింపవలెను అను ఒక్క ప్రశ్ననే మీ ముందు ఉంచదలచితిని.

నేను యంత్రశాస్త్రము అభ్యసించినవాడను, వైద్యుడను కాను. ఈ పంపును గూర్చి చెప్పినప్పుడెల్ల పెద్దలు నన్ను ఒకే మాట అడుగుచుందురు: "మోటారే కదా నాయనా, రోగి నీరసముగా నున్నప్పుడు కొంచెము వేగము పెంచిన సరిపోదా?" అని. ఆ మాట పైకి న్యాయముగనే తోచును. కాని అట్లు చేసిన రోగికి బలము కలుగుటకు మాఱుగా ప్రాణాపాయమే కలుగవచ్చును. ఏల యట్లగునో తెలిసికొన్నచో ఈ పంపు సంగతియే కాక, మన గుండె ఎంత నేర్పుగల పనివాడో కూడ బోధపడును.

మొదట సహజమైన గుండెను చూతము. అది ఇంచుమించు మన పిడికిలి యంత యుండును. ఊరక కూర్చున్న మనుజునిలో అది నిమిషమునకు సుమారు 70 పర్యాయములు కొట్టుకొని, దాదాపు 5 లీటర్ల రక్తమును నడపును. దినమునకు లెక్క వేసిన, కొట్టుకొనుట లక్ష సారులు, నడపిన రక్తము 7 వేల లీటర్లు. అదే మనుజుడు ధాన్యపు బస్తా నెత్తుకొని మెట్లెక్కినచో గుండె అప్పటికప్పుడు రెండింతలు, మూడింతలు రక్తమును నడపును. అతడు వచ్చి అరుగుమీద చతికిలబడిన కొంత సేపటికి మరల 5 లీటర్లకు దిగును. ఇంత మార్పు జరుగుచుండగా మనము ఏ మరనూ త్రిప్పుట లేదు, ఎవరికిని చెప్పుట లేదు.

ఈ స్వయంపాలనకు రెండు మార్గములు కలవు. ఒకటి, మెదడునుండి వచ్చు నరముల యాజ్ఞ. దానివలన గుండె వడిగానో మెల్లగానో కొట్టుకొనును. రెండవది గుండె కండరములోనే యున్నది. దీనిని 1895 లో జర్మనీదేశమున ఆటో ఫ్రాంక్ అను శాస్త్రజ్ఞుడు కప్ప గుండెపై పరిశోధించి చూపెను. 1914 ప్రాంతమున లండనులో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అను నాతడు దానిని మఱింత స్పష్టముగా స్థాపించెను. ఆ సూత్రమును మన మాటలలో చెప్పవలెనన్న, "గుండె తనకు ఎంత వచ్చిన నంత పంపును" అని చెప్పవచ్చును. రక్తము ఎక్కువగా వచ్చి గది నిండినకొలది కండరము సాగును. సాగినకొలది ఎక్కువ బలముతో ముడుచుకొనును. వచ్చినది తక్కువయైన, పంపునదియు తక్కువయే.

ఈ నియమము ఎంత యవసరమో చిన్న లెక్కతో తెలియును. గుండెకు కుడి ప్రక్క ఒక పంపు, ఎడమ ప్రక్క ఒక పంపు కలవు. కుడి పంపు రక్తమును ఊపిరితిత్తులకు పంపును. అక్కడ శుభ్రపడిన రక్తమును ఎడమ పంపు దేహమంతటికిని పంపును. కుడి పంపు ఒక్కొక్క సారి ఎడమ పంపుకంటె ఒక్క మిల్లీలీటరు, అనగా ఇరువది చుక్కలంత, హెచ్చుగా పంపినదనుకొనుడు. నిమిషమునకు 70 మిల్లీలీటర్లు. గంటకు 4 లీటర్లకు పైగా ఊపిరితిత్తులలో చిక్కుకొనును. మనిషి తన రక్తములోనే మునిగిపోవును. అట్లు జరుగకుండ, ఏ పెద్దయు నడుమ నిలువకుండగనే, ఈ యిద్దఱు పనివాండ్రు జీవితమంతయు లెక్క సరిపెట్టుకొనుచున్నారు.

ఇక గుండె అలసిన సంగతి. గుండెపోటువలన గాని, కండరపు జబ్బువలన గాని, మఱి యే కారణముచేత గాని ఎడమ పంపు కండరము చెడినచో, ఆ మనుజుడు నాలుగడుగులు నడువలేడు. పడుకొనిన ఆయాసము, కాళ్లవాపు, నీరసము అతనిని పట్టుకొనును. మందులు పనిచేయని దశ వచ్చినప్పుడు గుండెను మార్చుట ఒక మార్గము. ఆ పనిని 1967 డిసెంబరు 3 వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున క్రిస్టియాన్ బర్నార్డు తొలిసారి చేసెను. మనదేశమున 1994 ఆగస్టు 3 వ తేదీన ఢిల్లీలో తొలిసారి జయప్రదముగా చేసిన వైద్యుడు మన రాజమహేంద్రవరపు వారైన పనంగిపల్లి వేణుగోపాలుగారు. కాని ఒక గుండె దొరకవలెనన్న వేఱొక కుటుంబము దుఃఖములో నుండియు దానమునకు ఒప్పుకొనవలెను. అట్టి గుండెలు కోరువారి సంఖ్యకు ఎన్నడును చాలుట లేదు. ఆ కొఱతయే ఈ పంపులు పుట్టుటకు కారణము.

మొదటి తరపు పంపులు గుండెను అనుకరించినవి. వానిలో ఒక సంచి యుండును. అది రక్తముతో నిండినంతనే యంత్రము దానిని నొక్కి ఖాళీ చేయును. 2001 వ సంవత్సరమున అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో, మందులు మాత్రమే వాడిన రోగులలో ఏడాదికి నూటికి 25 మంది బ్రతికియుండగా, అట్టి పంపు అమర్చినవారిలో 52 మంది బ్రతికియుండిరి. ఈ సంచిపంపులో ఒక మంచి గుణము కలదు. సంచి త్వరగా నిండినచో త్వరగా కొట్టును, మెల్లగా నిండినచో మెల్లగా కొట్టును. అనగా "వచ్చినంత పంపుట" అను గుండెధర్మము దానికి సహజముగనే అబ్బినది. కాని అది పెద్దది, చప్పుడు చేయునది. సంచియు, కవాటములును ఒకటి రెండేండ్లలోనే అరిగి చెడుచుండెను.

అప్పుడు చక్రము వచ్చినది. ఇందులో మీకు ప్రియమైన ఒక సంగతి కలదు. రిచర్డ్ వాంప్లర్ అను అమెరికా వైద్యుడు ఈజిప్టుదేశపు పల్లెలో, రైతులు మరచుట్టువంటి సాధనమును గొట్టములో త్రిప్పి నీరు పైకి తోడుట చూచెను. పూర్వము ఆర్కిమిడీసు పేర ప్రసిద్ధమైన సాధన మది. ఇట్లే రక్తమును కూడ తోడవచ్చునుగదా అని ఆయనకు తోచెను. అంత వేగముగా తిరుగు చక్రములో రక్తకణములు నలిగిపోవునని పండితులు పలువురు శంకించిరి. అయినను 1988 లో హ్యూస్టన్ నగరమున ఆయన పంపును ఒక రోగికి అమర్చిరి. అది తొడ ధమనినుండి గుండెలోనికి పంపబడు సన్నని సాధనము. నిమిషమునకు సుమారు 25 వేల చుట్లు తిరిగెడిది. కొన్ని దినములకొఱకు మాత్రమే ఉద్దేశింపబడినది. అయినను చక్రముతో రక్తమును నడపవచ్చునని అది లోకమునకు చూపెను.

తరువాత శాశ్వతముగా లోపలనే యుంచు చక్రపు పంపులు వచ్చినవి. హార్ట్‌మేట్ టూ అనునది 2008 లో అమెరికా ప్రభుత్వపు అనుమతి పొందెను. దాని తరువాతి హార్ట్‌మేట్ త్రీ అను పంపును 2014 లో జర్మనీలోని హానోవర్ నగరమున మొదట అమర్చిరి. దానికి 2017 లో అమెరికా అనుమతి లభించెను. ఇది సుమారు 200 గ్రాముల బరువుండును. ఎడమ గది కొనకు రంధ్రము చేసి దానిని అక్కడ బిగింతురు. అది రక్తమును లోనికి తీసికొని, గొట్టముద్వారా బృహద్ధమనిలోనికి, అనగా దేహమున కెల్ల మొదలైన పెద్ద రక్తనాళములోనికి, పంపును. లోపలి ఱెక్కల చక్రమునకు ఇరుసు లేదు, బేరింగు లేదు. అయస్కాంతశక్తిచేత అది రక్తములో తేలుచు తిరుగును. కావున అరుగుదల లేదు. పొట్ట చర్మముగుండ ఒక తీగ వెలుపలికి వచ్చి, నడుమునకు కట్టుకొను నియంత్రకపు పెట్టెకును, రెండు బ్యాటరీలకును చేరును. 2022 లో ప్రకటింపబడిన లెక్కల ప్రకారము, ఈ పంపు అమర్చినవారిలో అయిదేండ్ల తరువాత నూటికి 58 మంది బ్రతికియున్నారు.

చక్రము సంచికంటె చిన్నది, గట్టిది, దీర్ఘకాలము పనిచేయునది. కాని సంచికి సహజముగా నున్న విధేయత చక్రమునకు లేదు. దానిని నిమిషమునకు 5,400 చుట్లు తిరుగుమని చెప్పినచో, అనగా క్షణమునకు 90 చుట్లు, లోపల రక్తము ఉన్నను లేకున్నను అది ఆ వేగముననే తిరుగుచుండును. ఈ సాయంకాలపు చిక్కు అంతయు ఇందులోనే యున్నది.

దీనిని మీ పొలము మోటారుతో పోల్చి చూతము. ఏలయనగా ఈ పంపును, బావివద్ద మోటారుతో తిరుగు పంపును ఒకే జాతివి. బావి పంపు నీటిని ప్రక్కనున్న కాలువలోనికి పోసినప్పుడు ధార దండిగా వచ్చును. అదే గొట్టమును మేడమీది తొట్టికి ఎత్తినచో, మోటారు వేగము మాఱకున్నను ధార సన్నగిల్లును. చక్రపు పంపు ఎంత తోడునన్నది దాని వేగముమీదనే కాక, అది ఎక్కింపవలసిన ఎత్తుమీద కూడ ఆధారపడియుండును. గుండెపంపు విషయములో ఆ యెత్తు ఏది? బృహద్ధమనిలోని పోటునకును, గుండె ఎడమ గదిలోని పోటునకును గల భేదమే. రోగికి రక్తపుపోటు పెరిగినచో పంపునకు ఎత్తు పెరిగినట్లే. అదే వేగమున తక్కువ రక్తము పోవును. అందుచేత ఈ పంపు గలవారిలో సగటు పోటును పాదరసపు మట్టమున 85 మిల్లీమీటర్లకు మించనీయక కాపాడుటకు వైద్యులు ప్రయత్నింతురు.

ఇందులోనే మఱియొక వింత కలదు. అలసిన గుండె యైనను పూర్తిగా మానదు. కొంచెము కొంచెముగా ముడుచుకొనుచునే యుండును. అది ముడుచుకొన్నప్పుడు గదిలోని పోటు పెరిగి, పంపు ఎక్కింపవలసిన ఎత్తు తగ్గి, క్షణకాలము ధార హెచ్చును. సడలినప్పుడు ధార తగ్గును. అనగా చక్రము సమవేగముతో తిరుగుచున్నను, ధారలో అలలు కనబడును. రోగి నడచినప్పుడు గుండెకు వచ్చు రక్తము పెరుగుటచేత, వేగము మార్చకయే పంపుధార కొంత పెరుగుట కూడ ఇందువలననే. కాని ఆ పెరుగుదల సహజహృదయము చూపు దానికి చాల తక్కువ. రక్తము రాకను చక్రము గుండెకంటె తక్కువగా గుర్తించును. ఎదుటి పోటునకు గుండెకంటె ఎక్కువగా లొంగును. ఈ రెండును మనకు కావలసినదానికి వ్యతిరేకములే.

ఇక వేగము తక్కువైన నేమగును? బావిలో ఊట ఎక్కువ, తోడుట తక్కువ యైనట్లు, ఎడమ గదిలో రక్తము నిలిచిపోవును. ఆ నిలువ వెనుకకు ఊపిరితిత్తులలోనికి ఎగదన్నును. ఆయాసము మరల వచ్చును. పంపు పెట్టియు ప్రయోజనము లేనట్లగును. అంతేకాక, మెల్లగా కదలు రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ ఎగిరి మెదడునకు పోయినచో పక్షవాతము కలుగును.

వేగము ఎక్కువైన నేమగును? అడిగిన పెద్దలకు నేను చెప్పదలచిన సమాధానము ఇదియే. బావి ఊటకు మించి తోడినచో నీరు దిగిపోయి, ఫుట్‌వాల్వు గాలి లాగును. కొన్ని వేళల ఆకో గుడ్డయో దానికి అడ్డుపడి అంటుకొనిపోవును. గుండెగది ఇనుప తొట్టి కాదు, మెత్తని కండరపు సంచి. రక్తము వచ్చినదానికంటె ఎక్కువ లాగినచో గది కుంచించుకొనిపోయి, గోడయే వచ్చి పంపు మూతికి అంటుకొనును. అప్పుడు ధార ఒక్కసారిగా తెగిపోవును. గోడను రాపాడుటచేత గుండె తప్పుతాళముతో కొట్టుకొనుట మొదలిడును, రోగి సొమ్మసిల్లవచ్చును.

అంతటితో నిలువదు. గుండె రెండు ప్రక్కల నడుమ ఒక గోడ కలదు. ఎడమ ప్రక్క అతిగా లాగినచో ఆ నడిమి గోడ ఎడమకు వంగును. కుడి పంపు ఆకారము చెడి, దాని బలము క్షీణించును. కాని ఎడమ పంపునకు రక్తము నందించునది కుడి పంపే కదా! కావున ఎడమను తొందరపెట్టినకొలది కుడి కూలును. కుడి కూలినకొలది ఎడమకు రాక తగ్గును. పొరుగువాని ఎద్దును చంపి తన మడి దున్నదలచినట్లుండును. ఇవి గాక, గది పోటు ఎన్నడును పెరుగకపోవుటచేత బృహద్ధమని ముఖమున నున్న కవాటము తెఱచుకొనుటయే మానును. నెలల తరబడి తెఱవని తలుపు బిగిసిపోయినట్లు ఆ కవాటపు రేకులు అంటుకొనును. లేదా సరిగా మూయక కారుట మొదలిడును. అప్పుడు పంపు పంపిన రక్తము వెనుకకే వచ్చి, అదియే గుండ్రముగా తిరుగుచుండును. చక్రపు ఒరపిడికి రక్తములో గడ్డకట్టుటకు తోడ్పడు పెద్ద అణువులు కొన్ని తెగును. కావున ప్రేగులలో రక్తస్రావము కూడ ఈ రోగులకు తెలిసిన బాధయే.

కాబట్టి ఈ పంపునకు సరియైన వేగమనగా మిక్కిలి హెచ్చైన వేగము కాదు. ఆ మనుజుని ఊటకు తగిన వేగము. దానిని ఎట్లు కనిపెట్టుదురు? రోగిని పరుండబెట్టి, చెవికి వినరాని ధ్వనితరంగములతో గుండెను తెఱమీద చూపు ఎకో పరీక్ష చేయుచు, వేగమును తక్కువనుండి మెట్టుమెట్టుగా పెంచుచు పోవుదురు. ఈ పరీక్షను నేను ఒక ఆసుపత్రిలో వైద్యుల యనుమతితో ప్రక్కన నిలిచి చూచితిని. ప్రతి మెట్టున వారు నాలుగు సంగతులు అడిగెదరు: గది ఎంత వెడల్పున నున్నది? నడిమి గోడ నిటారుగా నున్నదా, ఏ ప్రక్కకైన వంగినదా? బృహద్ధమని కవాటము కనీసము కొన్ని కొట్టులకైనను తెఱచుకొనుచున్నదా? కుడి ప్రక్క తట్టుకొనుచున్నదా? ఈ నాలుగును ఒప్పిన చోట వేగమును నిలుపుదురు. హార్ట్‌మేట్ త్రీకి నిమిషమునకు 3,000 మొదలు 9,000 చుట్ల వఱకు అవకాశ మున్నను, పెక్కురకు 5,000, 6,000 నడుమనే కుదురును. ఇది ఒకనాటితో తీరు పని కాదు. దేహము కోలుకొనినకొలది, మందులు మాఱినకొలది పరీక్షను మరల చేయుదురు.

నిలిపిన ఆ వేగములో కూడ యంత్రము కొన్ని మార్పులు తనంతట చేయును. హార్ట్‌మేట్ త్రీలో ప్రతి రెండు సెకండ్లకు ఒకసారి వేగము 2,000 చుట్లు తగ్గి, వెంటనే నిర్ణీత వేగముకంటె 2,000 చుట్లు పెరిగి, మరల యథాస్థానమునకు వచ్చును. ఇదంతయు రెప్పపాటులో జరుగును. దానివలన పంపులోని మూలలన్నియు కడుగబడి రక్తము నిలువకుండును. ఇక ఇందాక చెప్పిన ధారలోని అలలు ఉన్నట్లుండి మాఱినచో, గది ఎండుచున్నదేమో యని అనుమానించి, నియంత్రకము వేగమును కనిష్ఠమునకు దింపి, తరువాత మెల్లమెల్లగా పైకి తెచ్చును. ఇది తెలివిగల కాపలా యే. కాని ప్రమాదము వచ్చిన పిదప చేయు కాపలా. రోగి మెట్లెక్కుచున్నాడని తెలిసి ముందుగా వేగము పెంచునది కాదు.

రోగియే మార్చుకొనవచ్చును గదా యందురేమో. అట్టి ప్రయత్నము కూడ జరిగినది. 2000 వ సంవత్సరమున మొదట అమర్చబడిన జార్విక్ 2000 అను పంపునకు, 8,000 మొదలు 12,000 చుట్ల వఱకు, అయిదు మెట్లుగల మరను వెలుపలి పెట్టెపై ఉంచిరి. రోగి పనిచేయునప్పుడు హెచ్చించుకొని, విశ్రమించునప్పుడు తగ్గించుకొనవచ్చును. కాని తన గుండెగదిలో ఎంత రక్తమున్నదో రోగికి ఎట్లు తెలియును? నీరసముగా నున్నది రక్తము తక్కువ పోవుటవలననా, గది ఎండుటవలననా? మొదటిదైన వేగము పెంచవలెను, రెండవదైన తగ్గింపవలెను. బాధ ఒకటే, మందులు రెండు, అవియు ఒకదానికొకటి విరుద్ధములు! కావుననే హార్ట్‌మేట్ త్రీ వంటి పంపులలో వేగమును మార్చు అధికారమును రోగికి గాని, ఇంటివారికి గాని ఈయక, ఆసుపత్రిలోని పరికరమునకే ఉంచిరి.

మఱి యంత్రమే గ్రహించి మార్చుకొనునట్లు చేయరాదా? ఆస్ట్రియా, స్విట్జర్లాండు, ఆస్ట్రేలియా మున్నగు దేశములలో పరిశోధకులు చాల యేండ్లుగా ఈ పనిలోనే యున్నారు. వియన్నా నగరపు పరిశోధకులు, వ్యాయామము చేయుచున్న రోగులలో పంపు వేగమును యంత్రమే సవరించు ఏర్పాటును పరీక్షించి, 2006 లో దాని ఫలితములను ప్రకటించిరి. స్టార్లింగు చెప్పిన "వచ్చినంత పంపుట" అను సూత్రమునే లెక్కగా మార్చి చక్రమునకు నేర్పవలెనని మఱికొందఱి యత్నము. సూత్రము సులభమే, దానిని నెఱవేర్చుట కష్టము. గదిలోని పోటును కొలుచు సాధనమును రక్తములో నుంచినచో, కాలక్రమమున దానిపై పొర పట్టి కొలత తప్పును. లేదా అక్కడనే గడ్డ కట్టును. సాధనము పెట్టక, మోటారు తీసికొను విద్యుత్తును బట్టి ధారను ఊహింతమన్న, రక్తము చిక్కబడినను పలుచబడినను ఊహ తప్పును. అందుచేతనే రక్తమున ఎఱ్ఱకణముల పాలు ఎంతయో వైద్యులు నియంత్రకమునకు తెలుపుచుందురు. తప్పుకొలతను నమ్మి తనంతట వేగము పెంచు పంపుకంటె, ఏమియు నెఱుగక ఒకే వేగమున తిరుగు పంపు మేలు. ఈ కారణముననే నేటికిని రోగులు ఇంటికి తీసికొనిపోవు పంపులు ముఖ్యముగా నిర్ణీత వేగముననే తిరుగుచున్నవి.

ఇంతవఱకు చెప్పినది శాస్త్రము. ఇక ఇంటిపెద్దలకు పనికివచ్చు మాటలు నాలుగు చెప్పెదను. మీ బంధువులలో గాని, ఊరిలో గాని ఈ పంపు గలవా రుండవచ్చును. మొదటిది: ఇట్టివాని మణికట్టు పట్టి చూచిన నాడి చాల సన్నగా నుండును, లేదా అసలే దొరకదు. ధార ఎడతెగక పోవుచుండుటే దానికి కారణము. నాడి లేదని ఏడ్పులు మొదలు పెట్టరాదు. ఊపిరి చూడవలెను, పిలిచి చూడవలెను, ఱొమ్ముపై చెవి నుంచిన తుమ్మెద రొదవంటి సన్నని ధ్వని వినబడుచున్నదో లేదో గమనింపవలెను, పెట్టె మ్రోగుచున్నదేమో చూచి ఆసుపత్రివారికి వెంటనే తెలుపవలెను.

రెండవది: ఎండకాలమున చెమట పట్టినను, వాంతులు, విరేచనములు కలిగినను దేహములో నీరు తగ్గును. బావి ఎండినట్లు గుండెకు రాక తగ్గును. చక్రము మాత్రము ఆ సంగతి నెఱుగక మునుపటి వేగముననే లాగుచుండును. కావున మనకు సామాన్యమైన విరేచనము వారికి సామాన్యము కాదు; ఆ పూటనే వైద్యునికి చెప్పవలెను. అట్లే ఉప్పును, నీటిని అమితముగా పుచ్చుకొన్నను చక్రము దానికి తగినట్లు పెరుగదు. వైద్యుడు చెప్పిన కొలతను పాటింపవలెను.

మూడవది: పంపు విద్యుత్తుతోనే తిరుగును. ఛార్జి చేసిన బ్యాటరీలు ఎల్లప్పుడు అదనముగా చేరువ నుండవలెను. ఒక జత మార్చునప్పుడు రెండింటిని ఒక్కసారి తీయరాదు. ఒకదాని తరువాత ఒకటి తీయవలెను. పొట్టనుండి వచ్చు తీగను లాగరాదు, తడుపరాదు. ఊరిలో కరెంటు తఱచు పోవుచున్నచో, అట్టివాని యిల్లు ఎక్కడ నున్నదో విద్యుచ్ఛక్తి కార్యాలయమువారికి ముందుగనే తెలిపియుంచుట మంచిది.

నాలుగవది: రోగి నీరసముగా నున్నాడని, ఖర్చెంతైన సరే వేగము పెంచుమని వైద్యుని ఒత్తిడి చేయకుడు. నీరసమునకు కారణమేమో వెదకుమని అడుగుడు. ఆ వైద్యుడు వేగము తగ్గించినను ఆశ్చర్యపడవలసిన పనిలేదు. తగ్గించుటయే అప్పటికి చికిత్స యగుట కద్దు.

పెద్దలారా, ఊటకు మించి తోడరాదన్నది మన రైతుకు తాతలనాటి తెలివి. ఆ తెలివిని చక్రమునకు నేర్పుటకు గొప్ప శాస్త్రజ్ఞులు నేటికిని శ్రమించుచున్నారు. వారి శ్రమ ఫలించి, మెట్లెక్కువానికి ఒక విధముగను, నిద్రించువానికి ఒక విధముగను తనంతట తిరుగు పంపు వచ్చు వఱకు, ఆ వేగమును కనిపెట్టియుండు భారము వైద్యునిది. రోగి దేహములో ఊట తగ్గకుండ చూచి, మార్పు కనబడినంతనే వైద్యునికి తెలియజేయు భారము ఇంటివారిది. సెలవు.